ఐదో రోజు లేని పిచ్

నేను క్రికెట్ మ్యాట్‌ని. 66 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు, ఒళ్ళంతా కొబ్బరి పీచు. పుట్టింది కోనసీమలో, అంబాజీపేట దగ్గరి తోటల్లో. దింపు అయ్యాక కాయలు ఒలిచి డొక్కలు ఓ పక్కన కుప్ప పోశారు. వాటిలోంచి పీచు తీసి, తాడు పేని, నేసి, అంచులు కుట్టారు. ఇందులో పెద్దగా చెప్పుకోవలసిందేమీ లేదు. రాజమండ్రిలో ఒక గ్రౌండ్ నడిమధ్య నన్ను పరిచి చుట్టూ మేకులు దిగ్గొట్టిన పొద్దున నా అసలు బతుకు మొదలైంది.

నా కింద ఉండేది గోదారి ఒండ్రు. వానల్లో అడుగు వేస్తే మడమ దాకా దిగుతుంది. మే నెలలో వేలు దూరేంత బీటలిస్తుంది. నిజానికి టెస్ట్ పిచ్‌కి కావలసింది ఇలా బంక ఎక్కువున్న మట్టే. కాని ఆ మట్టిని పిచ్ చేయాలంటే గరిక పెంచాలి, కత్తిరించాలి, నీళ్ళు పట్టాలి, పదును చూసుకుని రోజుల తరబడి రోలర్ లాగాలి. అంత పని చేయించే స్తోమత ఊళ్ళలో ఎన్ని గ్రౌండ్లకి ఉంటుంది? ఆ లోటు పూడ్చడానికే నన్ను తెచ్చారు. నేల చదును చేసి నన్ను పరిస్తే అరగంటలో ఆట మొదలు. ఆ చుట్టుపక్కల ఎందరో పిల్లలు మొట్టమొదట ముఖం మీదికి లేచే బంతిని చూసింది నా మీదే. వాళ్ళకి కట్ షాట్, పుల్ షాట్ నేర్పింది నేనే. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

నన్ను పరిచే ముసలాయన్ని పిల్లలు గ్రౌండ్ తాత అనేవారు. తెల్లారకముందే వచ్చి రాత్రి తడిపిన నేల మీద చెయ్యి ఆనించి చూసేవాడు. మట్టి వేళ్ళకి అంటుకుంటే ఇంకో గంట ఆగేవాడు. తర్వాత ఒక కొస మేకులతో బిగించి, రెండో కొస పట్టుకుని నలుగురు కుర్రాళ్ళతో వెనక్కి వాలి లాగితే, నేను డోలు చర్మంలా బిగిసేదాన్ని. బిగిసిన మ్యాట్ మీద బంతి జోరుగా లేస్తుంది. అదే వదులుగా పరిస్తే బంతి నన్ను పట్టుకుని, కాస్త ఆగి, తిరుగుతుంది.

ఒక ఆదివారం భీమవరం నుంచి జట్టు వస్తోంది. మా కెప్టెన్ కుర్రాడు పొద్దున్నే తాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"తాతా, ఇవాళ కాస్త వదులుగా ఉంచవా? మన ఆఫ్ స్పిన్నర్ మంచి ఊపులో ఉన్నాడు."

"ఆయ్, అలాగే. అటు చివర రెండు మేకులు వదిలేస్తాలే."

"వాళ్ళు కనిపెట్టేస్తారేమో?"

"చూస్తే తెలీదురా. బ్యాట్ పట్టుకున్నాక తెలుస్తుంది."

సొంతగడ్డ బలమంటే ఏమిటో నాకు ఆ రెండు మేకులే చెప్పాయి. చప్పట్లు కొట్టే జనం, తెలిసిన తిండి, తెలిసిన ఎండ, ఇవన్నీ కలిసొస్తాయి. అన్నిటికన్నా ఎక్కువ కలిసొచ్చేది, బంతి నేల తాకాక ఏం చేస్తుందో ముందే తెలియడం.

మా మ్యాట్ల జాతి టెస్టులు కూడా చూసింది. దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు టెస్టులు మ్యాట్ల మీదే జరిగేవి. 1913-14లో ఇంగ్లండ్ నుంచి వెళ్ళిన సిడ్నీ బార్న్స్ అక్కడ నాలుగు టెస్టుల్లోనే 49 వికెట్లు తీశాడు. ఒక సిరీస్‌లో అన్ని వికెట్లు ఇంతవరకూ ఇంకెవరూ తీయలేదు. మ్యాట్ ఆతిథేయులది, లాభం అతిథిది. మన దేశంలోనూ అదే జరిగింది. 1952 అక్టోబర్‌లో పాకిస్తాన్ తొలిసారి టెస్టులు ఆడటానికి మన దేశం వచ్చింది. ఢిల్లీలో ఇన్నింగ్స్ తేడాతో ఓడి లక్నో చేరింది. అక్కడ జనపనార మ్యాట్ పరిచారు. ఫజల్ మహమూద్ తన కట్టర్లతో 94 పరుగులిచ్చి 12 వికెట్లు పడగొట్టాడు. నజర్ మహమ్మద్ మొదటి నుంచి చివరి దాకా నిలబడి 124 పరుగులతో నాటౌట్. మనం సొంతగడ్డ మీద ఇన్నింగ్స్ 43 పరుగుల తేడాతో ఓడిపోయాం. నాలుగేళ్ళకి, 1956లో, కరాచీ మ్యాట్ మీద ఇదే ఫజల్ ఆస్ట్రేలియాని 80 పరుగులకి కూల్చడంలో ముందున్నాడు. ఆ టెస్ట్ మొదటి రోజు రెండు జట్లూ కలిసి చేసింది 95 పరుగులు. టెస్ట్ చరిత్రలో ఏ పూర్తి రోజులోనూ అంతకన్నా తక్కువ రాలేదు.

మా ఆఖరి టెస్ట్ 1959 డిసెంబర్‌లో, మళ్ళీ కరాచీలోనే. అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ఒక రోజు కూర్చుని చూసిన టెస్ట్ అది. ఆ తర్వాత మమ్మల్ని టెస్టుల్లోకి రానివ్వలేదు.

అది నాకు చాలాకాలం బాధగానే ఉండేది. తాత టీ కొట్టు టీవీలో విశాఖ టెస్ట్ చూస్తూ పిల్లలకి వివరించిన రోజున కారణం అర్థమైంది. నేను మొదటి ఓవర్‌కీ చివరి ఓవర్‌కీ దాదాపు ఒకేలా ఉంటాను. మట్టి అలా ఉండదు. మొదటి రోజు తేమ ఉంటుంది, కొత్త బంతి కదులుతుంది. రెండో రోజు ఎండ తగిలి గట్టిపడి బ్యాటింగ్‌కి అనువవుతుంది. మూడో రోజుకి బౌలర్ల బూట్లు పడిన చోట గరుకవుతుంది, నాలుగైదు రోజులకి బీటలు విడుతుంది, ఒక బంతి లేస్తుంది, పక్క బంతి చీలమండకి తగులుతుంది. మట్టి ముసలిదయ్యే తీరు చదవడమే టెస్ట్ ఆట. నాకు ఐదో రోజు లేదు.

విశాఖ లెక్కలు చూస్తే ఇది తేటగా కనపడుతుంది. అక్కడ 2016, 2019, 2024లో మూడు టెస్టులు జరిగాయి. మూడింటిలోనూ టాస్ మనదే, మొదటి బ్యాటింగ్ మనదే, గెలుపూ మనదే. మొదటి ఇన్నింగ్స్‌లో మనం చేసింది 455, 7 వికెట్లకి 502, 396. చివరి ఇన్నింగ్స్‌లో వచ్చినవాళ్ళు చేసింది 158, 191, 292. అందరూ స్పిన్ స్పిన్ అంటారు గాని, 2019లో చివరి రోజు మహమ్మద్ షమీ వికెట్ల మీదికి సూటిగా వేసి 35 పరుగులకి 5 వికెట్లు తీశాడు. అలసిన నేల మీద బంతి కింద ఉండిపోతుంటే బ్యాట్ దిగేలోపు వికెట్లు ఎగిరాయి. 2024లో బుమ్రా 45 పరుగులకి 6 వికెట్లు తీసింది కూడా ఈ విశాఖలోనే. నేల పాత బంతిని గరుకు చేస్తుంది, రివర్స్ స్వింగ్‌కి అదే ఆధారం.

ఆ నేలే ఎదురు తిరగడమూ ఉంది. 2013 నుంచి సొంతగడ్డ మీద వరసగా 18 సిరీస్‌లు గెలిచిన జట్టుని 2024లో న్యూజిలాండ్ 3-0తో ఓడించింది. మన స్పిన్నర్ల కోసం పొడిగా చేసిన పుణె పిచ్ మీద శాంట్నర్ 13 వికెట్లు తీశాడు. బంతి మరీ తిరిగే పిచ్ చేస్తే అవతలివాళ్ళ మామూలు స్పిన్నర్‌కి కూడా సగం పని నేలే చేసిపెడుతుంది. వదులైన మ్యాట్ మీద ఇది నేను ఏనాడో చూశాను. భీమవరం వాళ్ళలోనూ ఒక లెగ్ స్పిన్నర్ ఉన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకి గ్రౌండ్ మధ్యలో సిమెంట్ పోసి, పైన పచ్చటి సింథటిక్ పరుపు అంటించారు. దానికి మేకులక్కర్లేదు, తడిపే పనీ లేదు. నన్ను చుట్టి షెడ్డులో వేశారు. అంతవరకైతే ఓర్చుకునేదాన్ని. ఎవరిదో పెళ్ళికి వంటల దగ్గర పరచడానికి తీసుకెళ్ళి, నూనె మరకలతో తిరిగి తెచ్చారు. మరోసారి అకాల వానకి ధాన్యం బస్తాల మీద కప్పి, అలాగే తడితో చుట్టి మూల పడేశారు. కొబ్బరి పీచు నీళ్ళకి భయపడదు. ఆరనివ్వకపోతేనే కుళ్ళుతుంది. విప్పి ఎండలో వేయడానికి ఒక్క పూట చాలు. ఆ ఒక్క పూట ఎవరికీ దొరకలేదు. లోపలి చుట్టల్లో బూజు పట్టింది, ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. చివరికి ఎవరో కత్తి తెచ్చి, ఒక కొస నాలుగడుగులు కోసి ఆఫీసు గుమ్మం ముందు వేసుకున్నారు. కాళ్ళు తుడుచుకునేవాళ్ళలో నా మీద తొలి అర్ధసెంచరీ కొట్టినవాడూ ఉన్నాడు. వాడు నన్ను గుర్తుపట్టలేదు.

2021 జనవరి 11, సంక్రాంతి ముందు. కుర్రాళ్ళు నా చుట్ట మీద కూర్చుని ఫోన్‌లో సిడ్నీ టెస్ట్ చూస్తున్నారు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో ఉన్నాడు. ఐదో రోజు, ఆస్ట్రేలియా బౌలింగ్. 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు. అవతల నడుం నొప్పితో అశ్విన్. వాళ్ళిద్దరూ విడిపోకుండా టెస్ట్ డ్రా చేశారు. షెడ్డు రేకులు అదిరేలా కేకలు వేశారు పిల్లలు.

విహారి ఆడిన 16 టెస్టుల్లో సొంత దేశంలో ఆడినవి మూడే. ఇది యాదృచ్ఛికం కాదు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్తే బంతి కదులుతుంది కాబట్టి జట్టుకి అదనపు బ్యాట్స్‌మన్ కావాలి. ఇక్కడికొస్తే అప్పట్లో అశ్విన్, జడేజా బ్యాటింగ్ కూడా చేసేవారు కాబట్టి ఆ చోటు బౌలర్‌కి పోయేది. 2019లో విశాఖ టెస్ట్ ఆడాడు, పుణెలో అతని చోట ఉమేశ్ యాదవ్ వచ్చాడు. సొంతగడ్డ జట్టుకి బలమైన చోటే ఆ గడ్డ మీద పుట్టినవాడికి చోటు లేకపోయింది. మనవాడికి జరిగింది అన్యాయమని నేను అనను, ఆ లెక్క నాకు అర్థమవుతుంది. కాని పరాయి పిచ్‌ల మీద మోసిన బరువుకి తగ్గ గుర్తింపు మాత్రం అతనికి రాలేదు.

నా మీద ఆడిన పిల్లల్లో ఒకడు జిల్లా ఎంపికలకి వెళ్ళి మొదటిసారి మట్టి పిచ్ మీద ఆడాడు. నడుం ఎత్తు వస్తుందని వెనక్కి జరిగి పుల్ కొట్టబోయాడు. బంతి లేవలేదు, మోకాలి కింద ప్యాడ్‌కి తగిలింది. ఎల్బీ. ఆ తప్పు వాడిది కాదు. అలా లేస్తుందని వాడికి నేర్పింది నేను. కొత్త సింథటిక్ పరుపు మీద బంతి ఇంకా ఎక్కువ లేస్తుంది. ఇప్పటి పిల్లలకీ అదే జరుగుతుంది.

మొన్న కొత్త కోచ్ వచ్చి సిమెంట్ పక్కన ఖాళీ నేల చూశాడు.

"ఇక్కడ ఒక్క టర్ఫ్ వికెట్ వేద్దామండి తాతగారూ. మట్టి ఎక్కణ్ణుంచి తేవాలి?"

"మట్టి తేవక్కర్లేదండి, మన బంకమట్టే నిలుస్తుంది. నీళ్ళ పైపు ఇటు లాగించండి, చాలు. గరిక ఏటిగట్టు మీద కావలసినంత ఉంది."

కొలవడానికి టేపు దొరకలేదు. నన్ను బయటికి లాగి, ఎలుక గూడు దులిపి, ఆ నేల మీద పరిచారు. 62 అడుగులే వచ్చాను. "నాలుగడుగులు కోసేశారండి దీన్ని," అంటూ తాత కొస దగ్గర నుంచి పాదానికి పాదం ఆనించి అడుగులు వేసి, మేకు కొట్టాడు. సంక్రాంతి వెళ్ళాక తవ్వకం మొదలుపెడతారట. నన్ను రెండు రోజులు ఎండలోనే ఉంచమని కోచ్ చెప్పి వెళ్ళాడు.