పాశుపతం, పెద్దమ్మ, నిమ్మచెట్టు

సెకనులో 125వ వంతు మాత్రమే రెప్ప విప్పి, ఎదుటనున్నదంతా మింగి, టిక్కుమని త్రేన్చే షట్టరు తల్లీ, నీకు దండం. కథ నడిపించు.

అది బెజవాడ. పైగా వేసవి. దుర్గగుడి మెట్లు పెనాలై, బీసెంట్ రోడ్డులో నీడకు కూడా చెమట పట్టే కాలం. ఆ ఇంద్రకీలాద్రి మీదే అర్జునుడు తపస్సు చేసి శివుడి దగ్గర పాశుపతాస్త్రం పుచ్చుకున్నాడని ఊరి నమ్మకం. నేనూ తపస్సు చేశాను. ఆరు నెలలు ఆటో మాని సిటీ బస్సులో వేలాడాను, సాయంత్రం పునుగులను త్యజించాను. శివుడు అట్టపెట్టెలో ప్రత్యక్షమయ్యాడు: 50 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.8. గుప్పెట్లో పట్టే అస్త్రం. కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సు ఆ రోజే బీరువాలో అరణ్యవాసానికి పోయింది.

ఇక దిగ్విజయ యాత్ర. పడవవాడి ముఖం మీద గురిపెట్టి, అతని వెనకున్న 70 గేట్ల ప్రకాశం బ్యారేజీని ఒక్క క్లిక్కుతో పాలమీగడ చేశాను. 1957 నుంచి ఏ వరదకూ లొంగని కట్టడం అది! పూలమ్మి వెనక రైతుబజారు మాయం. మనిషి మిగిలాడు, ఊరు పోయింది. ఇదే కళ అనుకున్నాను.

ఆ ఊపులో ఉయ్యూరు బస్సెక్కి పెద్దమ్మ మీద దండెత్తాను. 1839 తర్వాతి తొలి రోజుల్లో ఫొటోకి కూర్చున్నవాళ్ళు కదలకుండా తల వెనక ఇనప పట్టు బిగించేవాళ్ళు. పెద్దమ్మకు అలాంటివి రెండు కావాలి. కాకిని అదిలిస్తుంది, దూడను పిలుస్తుంది, కొంగు సర్దుకుంటుంది. ఎలాగో మీటరు దూరం నుంచి కొట్టాను. పెద్ద సైజు ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, జయస్తంభంలా మోసుకెళ్ళాను.

పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. చాలాసేపు చూసింది.

"ఏంట్రా, ఒక కన్నే ఉంది. రెండోది ఏమైంది?"

ఫొటో తీసినప్పుడు ఆమె కాస్త పక్కకు తిరిగి కూర్చుంది. అంత దగ్గర్లో ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. రెండో కన్ను ఆ గీత దాటి మంచులో పడింది. ఇదంతా వివరించాను. ఆమె వినలేదు.

"మీ పెదనాన్న నాటిన నిమ్మచెట్టేదిరా? ఆ పచ్చటి మరకా?"

గోడ మీద ఆమె పెళ్ళినాటి స్టూడియో ఫొటో ఉంది. వెనక తెర మీద గీసిన మేడ, హంసలు. దాని వైపు వేలు చూపించి తీర్పు చెప్పింది: "అప్పుడు వాళ్ళు లేని మేడ పెట్టారు. ఇప్పుడు నువ్వు ఉన్న చెట్టు తీసేశావు."

గాండీవం జారింది.

ద్రోణుడి పరీక్షలో ధర్మరాజుకు చెట్టూ, పిట్టా, తమ్ముళ్ళూ, గురువుగారూ అందరూ కనపడ్డారు; తప్పుకోమన్నాడు గురువు. అర్జునుడికి పిట్ట తలే కనపడింది (కథలు చెప్పేవాళ్ళ నోట్లో పడి అది పిట్ట కన్నయింది). బాణం వేసేవాడికి అది సరే. బొమ్మ తీసేవాడికి మాత్రం, అర్జునుడి ఊళ్ళోనే ఉండి చెబుతున్నాను, నా ఓటు ధర్మరాజుకే.

18-55ను అరణ్యం నుంచి పిలిపించాను. 18 ఎంఎం, ఎఫ్ 8, ఫోకసు రెండు మీటర్ల దగ్గర. మీటరు నుంచి పెరటి గోడ దాకా ఏదీ మసక లేదు. ముఖం అంచుకు పోతే సాగుతుంది కనుక పెద్దమ్మను నడిమధ్య కూర్చోబెట్టాను. నీళ్ళ గాబు, బట్టలుతికే రాయి, గొడ్లసావిడి, దూడ తోక, నిమ్మచెట్టు, అన్నీ హాజరు. పెద్దమ్మ రెండు కళ్ళతో సహా.

ఈసారి ఆమె తన ముఖం వైపు చూడనే లేదు. చెట్టు మీద వేలు పెట్టి కాయలు లెక్కపెట్టింది. పదకొండు.