వల్ద్ కిష్టయ్య: టీకా తాత్పర్యసహితము

మూలము: వడ్ల నర్సింహ, వల్ద్ కిష్టయ్య, సాకిన్ ఉప్పరిగూడ, ఇబ్రహీంపట్నం.

అవతారిక: ఈ ఏకపంక్తి కావ్యం ఒక పాత పహాణీ నకలులోనిది. కవి పేరు లేదు, పట్వారీ అయివుంటాడు. నడుమ ఒక సిరా మరక కలదు. దానిని యతిగా గ్రహించునది.

ప్రతిపదార్థము: వడ్ల = కొయ్యపని ఇంటివాడగు (ధాన్యమని భ్రమపడరాదు); నర్సింహ = నర్సింహ అనువాడు; వల్ద్ = కొడుకు (నిజాం కచేరీలనుంచి దిగిన ఉర్దూ ముక్క); కిష్టయ్య = ఎవని కొడుకో వాడు; సాకిన్ = కాపురస్తుడు; ఉప్పరిగూడ = మట్టిపని చేసే ఉప్పరుల పేరిటి ఊరు; ఇబ్రహీంపట్నం = 1550 నుంచి 1580 దాకా గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరిటి పట్నం. అద్దంకి గంగాధరకవి వద్ద తపతీసంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్న మల్కిభరాముడు ఈయనే. గద్దె మీది రాజుకే తెలుగు నోట్లో పేరు అంత సాగితే, నరసింహుడు నర్సింహ కావడం ఒక వింతా?

శంక: పహాణీకి ఇప్పుడు టీక దేనికి?

సమాధానము: నర్సింహ కొడుకు చదువుకు డబ్లిన్ పోతున్నాడు. ఫారంలో ‘సర్‌నేమ్’ గడి దగ్గర ఆగి, నా దగ్గరికొచ్చాడు. “వడ్ల అంటే గక్కడోళ్లకేం సమజైతది సార్? చారి అని రాస్తా.”

అక్కడివాళ్లకు సమజైనంత మనకే కాదు. వాళ్ల ఐరిష్ భాషలో ‘మాక్’ అంటే కొడుకు, అచ్చంగా మన వల్ద్. ‘ఓ’ అంటే మనవడు, ఆపైన ఆ వంశమంతా. 1014లో క్లోంటార్ఫ్ పోరులో చచ్చిపోయిన బ్రయన్ బోరు రాజు సంతతి ఓబ్రయన్లు. ఈ లెక్కన మనవాడు మాక్ నర్సింహ, ఓ కిష్టయ్య. ఇక మెక్‌అటీర్ అని ఒక ఇంటిపేరుంది. విప్పితే కొయ్యపనివాడి కొడుకు, అంటే వడ్లోళ్ల పిల్లగాడు. మెక్‌గోవన్ కమ్మరి కొడుకు. ఆంగ్లేయుల ఏలుబడిలో ఎందరో ఓలు, మాక్‌లు రాల్చుకున్నారు. మెక్‌గోవన్లు కొందరు ఇంగ్లిషు కమ్మరులై స్మిత్‌లయ్యారు. మనవాళ్లు చారులైనట్టే. 1893లో గేలిక్ లీగ్ పుట్టి భాష మీద మళ్లీ మక్కువ పెరిగాక, రాలిన ఓను వెతికి తెచ్చి అతికించుకున్నవాళ్లున్నారు.

విశేషము: 1919లో మదనపల్లెలో జనగణమనకు స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండు ఆడపడుచు. పుట్టింటిపేరు గిల్లెస్పీ, బిషప్పు దాసుడి సంతతి అని అర్థం. మనకూ దాసులకు కొదవ లేదు. టీకాకారులందరికీ తాత మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం. అది మెదక్ వైపు కొల్చారమే. అంతటి పండితుడూ ఊరి పేరు తగిలించుకునే కాళిదాసును వ్యాఖ్యానించాడు.

తాత్పర్యము: ఇదంతా విని పిల్లవాడు పక్కనే పని చేసుకుంటున్న తండ్రి మొహం చూశాడు. నర్సింహ ఉలి పక్కన పెట్టి, “మన పేరుకేమైందిరా?” అన్నాడు. అంతే. గడిలో వడ్ల అని పడింది.

పాఠాంతరములు: తండ్రి పేరు ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పదో తరగతి మెమోలో ఇంకొకటి. ఏది సాధువో తేలక ఫారం ఇప్పుడు తండ్రి పేరు గడి దగ్గర ఆగివుంది.