చుక్క కట్టు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: డిసెంబరు మొదటి వారంలో గోడలకు వెల్ల వేయడం పూర్తయి, అటక మీది అట్టపెట్టె కిందికి దిగిన వేళ, తెలుగు క్రైస్తవ గృహంలో ఇంటి పెద్దావిడ వాకిట నిలిచి కొడుకును, కోడలిని ఉద్దేశించి పలికే ఆజ్ఞ ఈ పద్యానికి విషయం.

ఆ.వె. చుక్క గట్టుమయ్య చూరుకు నెడమగా
గడ్డి పరచుమమ్మ గాడిలోన
తీగ దివ్వెలన్ని దిద్దుమా చెట్టుపై
బాలయేసు వచ్చు పండుగనుచు.

ప్రతిపదార్థం: అయ్య = నిచ్చెన ఎక్కిన ఓ నాయనా; చూరుకు = వసారా కప్పు అంచునకు; ఎడమగా = ఎడమ వైపున; చుక్క = వెదురు బద్దలకు రంగుకాగితం అంటించి లోపల బల్బు అమర్చిన నక్షత్రమును; కట్టుము = వేలాడునట్లు బిగింపుము; అమ్మ = ఓ కోడలా; గాడిలోన = బొమ్మల పాకలోని పశువుల తొట్టియందు; గడ్డి = ఎండు వరిగడ్డిని; పరచుము = పలుచగా వేయుము; తీగ దివ్వెలు + అన్ని = సీరియల్ సెట్టని లోకమున ప్రసిద్ధమైన బల్బుల నన్నింటిని; చెట్టుపై = క్రిస్మస్ చెట్టుమీద; దిద్దుమా = చిక్కు విప్పి అమర్చుమా; బాలయేసు వచ్చు = శిశువైన యేసు ఏతెంచునట్టి; పండుగ + అనుచు = పండుగ అని పలుకుచు. ‘పెద్దావిడ ఆజ్ఞాపించెను’ అన్నది అధ్యాహారం, అంటే మూలంలో లేకపోయినా అర్థం కుదరడానికి వ్యాఖ్యాత తెచ్చి చేర్చుకునే మాట.

తాత్పర్యం: కొడుకు నక్షత్రం కట్టాలనీ, కోడలు పాక సిద్ధం చేయాలనీ, దీపాలు ఎవరైనా పెట్టవచ్చుననీ, పర్యవేక్షణ మాత్రం తనదేననీ భావం.

విశేషాలు: ‘ఎడమగా’ అన్న చోట వివాదం ఉన్నది. ఆజ్ఞాపించినది పెద్దావిడ కనుక ఆమె ఎడమనే గ్రహించాలని కొందరు, పని చేసేవాడి ఎడమే ప్రమాణమని కొందరు అంటారు. ఇద్దరూ ఇంటి ముఖంగానే నిలిచి ఉన్నందున ఇరువురి ఎడమ ఒకటేననీ, కాబట్టి వివాదానికే తావు లేదనీ తోచవచ్చును గాని, నిచ్చెన మీదివాడు మాట సరిగా వినబడక వెనుదిరిగి ‘ఏమిటమ్మా’ అని అడిగిన క్షణంలోనే అతని ఎడమ ఆమెకు కుడి అవుతున్నది. అందువల్ల ఆమె ‘ఇంకొంచెం’ అనడం మానిన చోటే నక్షత్రస్థానమన్నది సిద్ధాంతం.

‘గాడిలోన’ అన్నది ఆధారమున్న మాటే. లూకా సువార్త రెండవ అధ్యాయంలో సత్రంలో చోటు లేనందున శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టినట్లు ఉన్నది. అయితే పాకలో తొట్టికి ఇరువైపులా నిలిపే ఎద్దు, గాడిద ఆ కథలో ఎక్కడా కనబడవు. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో తమ యజమానిని ఎరిగిన పశువులుగా చెప్పబడిన ఆ రెండింటినీ పూర్వులు ఈ సందర్భానికి అధ్యాహారం చేసుకోగా, 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ తొట్టి ముందు నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలిపి ఆ వ్యాఖ్యకు ప్రాణం పోశాడు. శిశువును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి సువార్త చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అన్న కానుకలు మూడు కావడంతో ఇచ్చినవారూ ముగ్గురయ్యారు. పైగా వారు వచ్చినది ఇంటికని మత్తయి వ్రాయగా, బొమ్మల కొలువు వారిని పాక ముందే మోకరింపజేసింది. జర్మన్ దేశాల ఆచారం నుండి వచ్చిన చెట్టు ఏ సువార్తలోనూ లేదు. కోస్తా ఇళ్లలో ఆ లోటును సర్వి కొమ్మ, తక్కిన చోట్ల ప్లాస్టిక్ చెట్టు తీర్చాయి.

‘అన్ని’ అనడంలో స్వారస్యమున్నది. పాత సీరియల్ సెట్టులో చిన్న బల్బులు ఒకే వరుసలో నిలిచి 230 వోల్టులను పంచుకుంటాయి కనుక, ఒక్కటి మాడినా కరెంటు దారి తెగి వరుసంతా ఆరిపోతుంది. క్రియాపదం జారిపోయిన వాక్యానికి అన్వయం, అంటే పదాల పరస్పర సంబంధం, కుదరనట్లే ఇదీ. ఆ మాడినదేదో తెలుసుకోవడానికి ఒక్కొక్క బల్బునూ తీసి మంచిదాన్ని పెట్టి చూడడం ఒక మార్గం.

మూలంలో లేనిదీ, అవసరం కానిదీ వ్రాయనని ప్రతిజ్ఞ చేసి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రచించిన కోలాచలం మల్లినాథసూరి ఈ ఇంటిని చూసి ఉంటే, ఎద్దునూ చెట్టునూ సీరియల్ సెట్టునూ కొట్టివేసి చుక్కనూ తొట్టినీ మాత్రమే మిగిల్చేవాడని ఆక్షేపించవచ్చును. దానికి సమాధానం ఆయన ఊరుగా చెప్పబడే కొల్చారానికి సమీపంలోనే ఉన్నది: మెదక్‌లో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చి, లూకా కొద్ది వాక్యాలలో ముగించిన జననఘట్టాన్ని ఒక నిలువెత్తు రంగుటద్దాల కిటికీగా విస్తరించి, వ్యాఖ్య మూలాన్ని మించి వెలగడం దోషం కాదన్న పక్షాన్ని బలపరుస్తున్నది. సువార్త చెప్పక విడిచినదాన్ని తన పొలంలోని గడ్డితో, తన ఊరి చెట్టుతో పూరించుకునే ఇల్లు కూడా వ్యాఖ్యాతే.

చివరగా, పద్యంలో కట్టుమన్న విధి ఉన్నది గాని విప్పుమన్న విధి లేదు. జ్ఞానుల పండుగ జనవరి 6 కనుక ఆ నాటికి చుక్కను దించాలని కొందరన్నా, విధి లేని పనికి నిచ్చెన ఎక్కనక్కరలేదని కొడుకు చేసే వాదం విధివాక్యాలను విచారించే మీమాంసకులకు సమ్మతం కాగలదు. కనుక రంగు వెలిసిన చుక్క ఎండాకాలం దాకా చూరున వేలాడడం శాస్త్రవిరుద్ధం కాదు.