ఏలు మల్ల వెట్టు: సటీకా తాత్పర్యము

మూలం: “తాతా, ఏలు మల్ల వెట్టు. సర్వర్ వస్తలేదు.”

పాలమూరు, నల్లగొండ ఊళ్లలో రేషన్ షాపు ముందు నెలనెలా వినబడే ఈ గద్యానికి కర్త ఎవరన్న దానిపై వివాదం ఉంది. డీలరే కర్త అని కొందరు, డీలర్ చేత మిషనే పలికిస్తున్నదని కొందరు. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలు మూడింటికీ సంజీవని వ్యాఖ్య రాశాడు గాని, వేలిముద్ర చూసే ఈ-పాస్ మిషన్ ఆయన నాటికి లేకపోవడంతో ఈ వాక్యం దిక్కులేనిదై పడి ఉంది.

ప్రతిపదార్థం: తాతా = ఓ వృద్ధ లబ్ధిదారుడా; ఏలు = మట్టి మోసి, కలుపు తీసి గీతలరిగిన వేలిని; మల్ల = తిరిగి; వెట్టు = గాజుపలకపై ఉంచుము; సర్వర్ = కంటికి కానరాని చోటనుండు కంప్యూటర్; వస్తలేదు = బదులు పలుకకున్నది. నల్లగొండ దిక్కు “ఇంకోపారి వెట్టు” అని పాఠాంతరం. కరోనా కాలంలో, 2021లో, “ఓటీపీ వచ్చిందా?” అన్న పాఠం పుట్టింది. తాత నంబరున్న ఫోన్ పట్నంలో మనవడి జేబులో ఉంటుంది గనుక ఆ పాఠం అన్ని ప్రతులకూ పొసగదు.

టీక: వేలు గాజు మీద పడ్డాక జరిగే కథ పెద్దది. ముద్ర వివరాలను అప్పటికప్పుడు పుట్టించిన 256 బిట్ల ఏఈఎస్ తాళంచెవితో మూసేస్తారు. ఆ తాళంచెవిని కూడా ఆధార్ సంస్థ యూఐడీఏఐ అందరికీ ఇచ్చిన ఆర్‌ఎస్‌ఏ తాళంచెవితో మరోసారి మూస్తారు. అదంతా ఒక ఎక్స్‌ఎంఎల్ పత్రంలో పెట్టి, డిజిటల్ సంతకం చేసి, హెచ్‌టీటీపీఎస్ మీద పోస్ట్ చేస్తారు. పంపే చిరునామాలోనే ఆధార్ సంఖ్య మొదటి రెండంకెలు విడివిడిగా ఉంటాయి, భారం సర్వర్ల మధ్య పంచేందుకు. బదులుగా వచ్చే పత్రంలో అసలు సంగతి ఒక్క అక్షరం: వై అంటే అవును, ఎన్ అంటే కాదు. వేలిముద్ర కలవకుంటే పక్కన 300 అన్న అంకె కూడా ఉంటుంది. తాత గురించి ప్రభుత్వం అడిగే ప్రశ్నల్లో ఇంత పొట్టి జవాబు వచ్చేది ఇదొక్కటేనేమో.

పూర్వపక్షం: ఇంతటి గంభీర కార్యానికి సోప్ అనే సందేశ పద్ధతి కవరు వేయకుండా ఒట్టి హెచ్‌టీటీపీ పోస్ట్‌తో సరిపెట్టడమేమిటి? సోప్ సామాన్యమైనది కాదు. 1998లో డేవ్ వైనర్, మైక్రోసాఫ్ట్ వాళ్లతో కలిసి దానికి రూపం ఇచ్చాడు. 2003 జూన్‌లో 1.2 వెర్షన్ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. కవరు, అందులో హెడర్, బాడీ. ఏమడగాలో ఎట్లా అడగాలో చెప్పే డబ్ల్యూఎస్‌డీఎల్ ఒప్పందం. భద్రతకు 2004లో ఒక ప్రమాణం. సందేశం పోకుండా, రెండుసార్లు చేరకుండా చూస్తానన్న మాటకు 2007లో ఇంకొకటి. ఎదుటి పక్షాన రాయ్ ఫీల్డింగ్ 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఇచ్చిన పరిశోధనా గ్రంథంలో రెస్ట్ అన్న నిర్మాణ శైలిని వివరించాడు; వెబ్‌కు గెట్, పోస్ట్ లాంటి క్రియలు ముందే ఉన్నాయి, వాటి మర్యాద పాటిస్తే చాలని ఆ దారి వాళ్లంటారు. అమెజాన్ రెండు దారులూ తెరిచి పెడితే, 85 శాతం వాడకం తేలిక దారిలోనే ఉందని 2003లో టిమ్ ఓరైలీ రాశాడు.

సిద్ధాంతం: జనం ఎటు పోయారన్నది ప్రమాణం కాదు. వివాదం తేలేది “మల్ల” దగ్గర.

వేలు మళ్లీ పెట్టినందుకు ఎవరి సొమ్మూ పోదు. బియ్యం సంగతి వేరు. 2025 మార్చి 30న, ఉగాది నాడు, పాత నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు కోయమని మిషన్ అడిగిందనుకుందాం. రేషన్ సర్వర్ ఖాతాలో కోసింది, బదులు దారిలో పోయింది. మిషన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. డీలర్ మళ్లీ నొక్కాడు. ఇప్పుడు కోత 24 కిలోలా, 48 కిలోలా?

సందేశం ఒక్కసారే చేరుతుందని సోప్ కవరు పూచీ పడుతుంది. కానీ సందేశం చేరడం వేరు, ఖాతాలో రాయడం వేరు. చేరిన తర్వాత, రాసే ముందు, సర్వర్ కూలితే కవరు చేయగలిగిందేమీ లేదు. అందుకే ప్రతి కోరికకూ అడిగేవాడే ఒక నంబరు వేయాలి. అదే నంబరు రెండోసారి వస్తే సర్వర్ కొత్తగా కోయకుండా పాత జవాబే తిరిగి చెప్పాలి. ఆధార్ పత్రంలోనూ అడిగినవాడి నంబరు ఉంటుంది, జవాబులో అదే తిరిగి వస్తుంది. ఈ పని ఎట్లాగూ మనమే చేసుకోవాల్సి వచ్చాక, ఆ పూచీ కోసమే కవరు కొనడం దండగ.

అయినా సోప్‌ను పూర్తిగా కొట్టేయరాదు. మనుషులు మారినా ఒప్పందం మారకూడని రెండు పెద్ద సంస్థల నడుమ, డబ్ల్యూఎస్‌డీఎల్ చూసి మిషనే కోడ్ రాసుకునే చోట, అది ఇప్పటికీ పనికొచ్చేదే. ఇక యూఐడీఏఐ పద్ధతిని రెస్ట్ పండితులు శుద్ధమని ఒప్పుకోరు: అన్నిటికీ పోస్టే, మంచిచెడ్డలన్నీ పత్రం లోపలే.

శేషశంక: నంబరు వేసిన మిషన్ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోతే? మళ్లీ లేచాక పాత నంబరు మరచి కొత్తది వేస్తే, సర్వర్ దాన్ని కొత్త కోరికే అనుకుంటుంది. కనుక పంపే ముందే మిషన్ ఆ నంబరును లోపల రాసిపెట్టుకోవాలి, జవాబు అందేదాకా చెరపరాదు. ఈ చిన్న నియమాన్ని సోప్ గ్రంథాలూ, హెచ్‌టీటీపీ గ్రంథాలూ మిషన్‌కు ప్రోగ్రాం రాసేవాడికే వదిలేశాయి.