స్విమ్మింగ్ పూల్ కలదు

మాది అనంతపురం. నీళ్ళు కనబడితే ఈత సంగతి తర్వాత, ముందు బిందె ఎక్కడుందని చూసే జాతి. అలాంటి నేను పోయిన నవంబరులో, బూటులాంటి ఇటలీకి మడమ దగ్గరుండే పూలియాలో, నాలుగు కోట్ల చిల్లర విల్లాకు బేరమాడి వచ్చాను. కొనే ఉద్దేశం లేదు. డబ్బు అసలే లేదు. మిలాన్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవు పెట్టి మమ్మల్ని ఇత్రియా లోయకు తీసుకుపోయాడు. అక్కడ తెల్లటి గోడల మీద రాతి గరాటులు బోర్లించినట్టుండే ‘త్రుల్లో’ ఇళ్ళను రెండు రోజులు బయటినుంచే చూసి, మా ఆవిడకు విసుగొచ్చింది. "లోపల ఎట్లుంటాదో చూడొద్దా?" అంది. టిక్కెట్టు అడక్కుండా ఇల్లంతా తిప్పి చూపించేది ఇల్లు అమ్ముకునేవాళ్ళొక్కరే కదా. అలా మేము కోటీశ్వరులమయ్యాం.

ప్రకటన మూడు ముక్కల్లో ఉంది. విశాలమైన విల్లా. రెండున్నర ఎకరాల ఆలివ్ తోట. స్విమ్మింగ్ పూల్ కలదు.

విశాలం సంగతి గుమ్మంలోనే తేలిపోయింది. త్రుల్లోలో ఒక్కో గరాటు కింద ఒక్కో గది. అలాంటివి ఏడు అంటించి విల్లా అన్నారు. ఒక్కో గదిలో నలుగురు కూర్చుంటే ఐదోవాడు గోడలో కూర్చోవాలి. ఎగతాళి కాదు, గోడలు అంత మందం. వాటిలో గూళ్ళు తొలిచి, గూళ్ళలో మంచాలే వేశారు. మా ఆవిడ ఒక గూట్లోకి దూరి పడుకుని చూసింది. "మీ గురక ఇక్కడైతే నాకు వినబడదు" అని తృప్తిగా బయటికొచ్చింది.

ఈ రాళ్ళ మధ్య పాతకాలంలో సున్నం వాడలేదు. దానికో కథ చెబుతారు. 17వ శతాబ్దంలో, కొత్త ఊరు కడితే నేపుల్స్ రాజుకు పన్ను కట్టాలి. అందుకని ఇక్కడి జమీందారు అల్బెరొబెల్లోలో రైతులచేత రాతి మీద రాయి ఊరికే పేర్పించాడట. అధికారులు వస్తున్నారంటే ఇళ్ళు పీకెయ్యడం, పోయాక పేర్చుకోవడం. ఆ ఊరినే యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనవాళ్ళూ పన్ను ఎగ్గొడతారు గానీ, ఇంటి జోలికి పోరు, కాగితంతో సరిపెడతారు. అందుకే మనకు యునెస్కో గుర్తింపు రాలేదు.

ఏజెంటు పిల్ల బయానా పద్ధతి వివరించింది. కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోతుంది. అమ్మేవాడు తగ్గితే రెండింతలు తిరిగివ్వాలి. ఆ మాటతో ఇటలీ మీద నాకు గౌరవం పెరిగిపోయింది. ఒక ప్లాటుకు నేనిచ్చిన బయానా పదకొండేళ్ళుగా తిరిగొచ్చే దారిలోనే ఉంది.

తోటలో నల్లగా నిగనిగలాడే కాయ కనబడితే, నేరేడుపండంత నమ్మకంగా నోట్లో వేసుకున్నాను. దానికంటే వేపకాయ నయం. ఉప్పునీళ్ళలో నెలల తరబడి ఊరితే తప్ప ఆలివ్ కాయ మనిషికి లొంగదట. నేను ఉమ్మడానికి చోటు వెతుక్కుంటుంటే ఏజెంటు, శతాబ్దాల నాటి చెట్లను కొట్టకూడదని 2007లో ఇక్కడ చట్టం వచ్చిందని చెబుతోంది. ఆ క్షణంలో నాకు చెట్ల మీద జాలి లేదు.

"ఇంతకీ పూల్ ఎక్కడ?" అన్నాడు మా వాడు.

"మీరు దాని పక్కనే ఉన్నారు" అంది.

ఆకుపచ్చ టార్పాలిన్. దాని మీద నిన్నటి వాననీళ్ళు, రాలిన ఆకులు, వాటి మధ్య సంసారం పెట్టిన ఒక కప్ప. చలికాలం కదా, కప్పేశారు. ఆ పిల్ల పూల్ గట్టునే నిలబడి, ఫోన్లో పూల్ ఫోటోలు చూపించింది.

పది మీటర్ల పొడవు, ఐదు వెడల్పు, లోతు సగటున మీటరున్నర. కరువుసీమ బుర్ర దానంతటదే లెక్క కట్టేసింది. 75 వేల లీటర్లు. "నీళ్ళు ఎక్కడివి?" అన్నాను. ఆమె గొంతు తగ్గించింది. "ట్యాంకర్ వస్తుంది."

నాకు కళ్ళు చెమర్చాయి. వేల మైళ్ళు ఎగిరొచ్చి ట్యాంకరు దగ్గర దిగాను. పూలియా సున్నపురాతి నేల. పడిన వాన పడినట్టే లోపలికి ఇంకిపోతుంది, నదులు నిలవవు. ఇది దాహపు సీమ అని రెండు వేల ఏళ్ళ కిందటే రోమన్ కవి హొరేస్ అనేశాడు. 1906లో మొదలెట్టి, కొండలు తొలిచి, పడమటి వైపు ఊటనీళ్ళను బారీ నగరానికి చేర్చేసరికి 1915 అయింది. ఆ పైపు ఈ తోటదాకా రాలేదు.

అప్పుడే ఆపే ఆటో చప్పుడు. అచ్చం మన ఊళ్ళలో తిరిగేదే, పుట్టిల్లు ఇటలీ. పేరుకు ఆపే గానీ, మన దగ్గర మనం దిగాల్సిన చోట ఎన్నడూ ఆపడు. ఇక్కడ ఆపాడు. వెనక ఆలివ్ కాయల డబ్బాలు. దిగింది గట్టు పక్క రైతు. ఇక్కడ పొలం అమ్మాలంటే, దున్నుకునే గట్టు పక్క రైతుకు ముందు చెప్పాలట. నెల రోజుల్లో అదే ధరకు తను తీసుకోవచ్చు. పోటీదారు కదా, నన్ను ఎగాదిగా చూశాడు. నా చెప్పులు చూసి నిశ్చింతగా నవ్వాడు.

మా ఆవిడ ఈలోగా ముంగిట్లో ఒక రాతి మూత కనిపెట్టింది. సైగలతోనే ఆయనచేత తీయించింది. కింద బండ తొలిచిన తొట్టి. గరాటు కప్పుల మీద పడ్డ వాన చుక్క చుక్కా కాలవల్లోంచి అందులోకి చేరేటట్టు పాతవాళ్ళు ఎప్పుడో కట్టి పెట్టారు. ఆయన చేదతో తోడి పోశాడు. మా ఆవిడ ముఖం కడుక్కుని, ఆ పూట మొదటిసారి "ఇల్లు బాగుంది" అంది.

తిరిగొచ్చిన పది రోజులకు మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ఇరవై వేల యూరోలు తగ్గించినారంట. ఏం చెప్పమంటావు?"

నేను గొంతు సవరించుకునే లోపు మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "ఆ తొట్టి, చేద వరకే అయితే ఎంతకిస్తారో అడగరా. మిగతాది వాళ్ళనే పెట్టుకోమను."