గైడు బాబాయి

అమెరికాలో పిల్లల దగ్గరికొచ్చే మన పెద్దవాళ్ళలో ఒక జాతి ఉంది. వీళ్ళకి ఏ ఊళ్ళోనూ గైడు అక్కర్లేదు, వీళ్ళే గైడు. ఆ జాతికి మా బాబాయి పెద్దదిక్కు. వాషింగ్టన్ చేరేలోపే కార్లో లింకన్ జీవితమంతా చెప్పేశారు. అందులో సగం నిజమే.

రెండో ప్రపంచయుద్ధ స్మారకం దగ్గర కొలను కనపడగానే ప్యాంటు మడిచారు. నీళ్ళంటూ ఉంటే కాళ్ళు కడుక్కోవాలి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోవాలి, అంతే. వెడల్పాటి అంచు టోపీ పెట్టుకున్న రేంజరొకామె వచ్చారు. కసరలేదు. ఎదురు గోడ చూపించారు. దానిమీద 4,048 బంగారు నక్షత్రాలు, ఒక్కోటీ ఆ యుద్ధంలో పోయిన 100 మంది అమెరికన్లకి గుర్తట. బాబాయి బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. పెదాలు కదుపుతూ గుణించారు. నాలుగు లక్షలు దాటేసరికి ప్యాంటు మడతలు కిందికి దిగాయి.

బాగుపడ్డారనుకున్నాను. వియత్నాం యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన గోడ దగ్గర మళ్ళీ మొదలు. ఆ నల్లరాయి బెంగళూరు వైపు నుంచి వెళ్ళిందని ఎక్కడో చదివారు (ఇది మాత్రం నిజమే). “మనదేరా ఇది!” అంటూ కొత్తల్లుడి వీపు తట్టినట్టు గోడని తట్టారు. 58 వేల పైచిలుకు పేర్లు అక్షరక్రమంలో కాక పోయిన తేదీల వరసలో ఉండటం ఆయనకి నచ్చలేదు. “ఇండెక్సు లేని లెడ్జరేమిట్రా!” అక్కడి రేంజరు పేర్ల పుస్తకం చూపించాడు. ఒకే రోజు పోయినవాళ్ళు గోడమీదా పక్కపక్కనే ఉంటారని చెప్పాడు. జనం వదిలివెళ్ళిన ఉత్తరాలూ, పతకాలూ, బూట్లూ తమవాళ్ళు ఏరి భద్రపరుస్తారనీ చెప్పాడు. రికార్డులు దాచేవాళ్ళంటే బాబాయికి గౌరవం. ఒక ముసలాయన ఏదో పేరుమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుకుంటుంటే, తన నీడ పడుతోందని తనే పక్కకి జరిగారు. నాకు నిజంగా ముద్దొచ్చారు.

ఓ రెండు నిమిషాలు. తర్వాత ఆయనే రేంజరైపోయారు. సెల్ఫీ తీసుకునేవాళ్ళని కళ్ళతోనే ఆపారు, మా వాడి చేతిలో చిప్స్ లాగేసి జేబులో పెట్టుకున్నారు. ఎవరో పిల్లలు పరిగెత్తుతుంటే “సైలెన్స్ ప్లీజ్!” అని పెట్టిన కేకకి గోడ పొడవునా జనం తలలు తిప్పారు.

టోపీ మావైపు కదిలింది.

“థాంక్స్ చెప్పడానికొస్తున్నాడురా,” అన్నారు బాబాయి కాలరు సర్దుకుంటూ.