తప్పు ఎక్కడుందో రాసి చూపించాను

నా మీద మోపిన నిందల్లో ఎక్కువ భాగం నాకు చెందినవి కావు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నన్ను వాడినవాళ్లు నా గురించి అన్నది ఎప్పుడూ ఒకటే: "డబ్బా పాతదైపోయింది." స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే చాలు, ఆ మాట వచ్చేసేది. ఆ ఎర్ర అక్షరాల్లో నేనేం రాశానో ఆగి చదివినవాళ్లు చాలా తక్కువ.

నేను సూరత్‌లో ఒక చిన్న దుకాణంలో 2012లో బిగించిన కంప్యూటర్‌ని. రెండో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఒక్క సంగతి తప్ప. దుకాణదారు చేతికందిన సీడీ పెట్టి నాలో 32 బిట్ విండోస్ 7 ఎక్కించాడు. అది 4 జీబీ ర్యామ్‌ని పూర్తిగా వాడుకోలేదు, మూడు జీబీ పైన కొంచెం దాకానే చూడగలదు. నాకున్న బలంలో కొంత పుట్టినరోజే మూతపడింది. ఆ ఒక్క పనికి ఏళ్ల తరబడి మాటలు పడ్డది మాత్రం నేను.

నన్ను కొన్నది లింబాయత్‌లోని ఒక తెలుగు కుటుంబం. సూరత్ మరమగ్గాల మీద బతికే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలే వాళ్లలో ఎక్కువ. నగరపాలక సంస్థ వాళ్ల పిల్లల కోసం తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మా ఇంటి కుర్రాడు అలాంటి బడిలో చదివి, కాలేజీలో కంప్యూటర్లు నేర్చుకుంటున్నాడు. వాళ్ల నాన్నది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటల పాళీ. నేసిన మీటర్లను బట్టి కూలి. ఆ మీటర్లను ఒక నోటుబుక్కులో రాసుకుని, నెలాఖరున యజమాని శేఠ్ లెక్కతో పోల్చి చూసుకునేవాడు. అంకెలు కలవని నెల ఇంట్లో మాటలుండేవి కావు. ఆ లెక్కను ఫోన్‌లో, తెలుగులో చేసిపెట్టే యాప్ ఒకటి తయారు చేయాలని కుర్రాడు అనుకున్నాడు. నేను చేసిన మంచి పనులన్నీ అక్కడే మొదలయ్యాయి.

అప్పట్లో ఆండ్రాయిడ్ యాప్‌లను ఎక్లిప్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసేవాళ్లు. గూగుల్ తన ఆండ్రాయిడ్ స్టూడియోను 2013 మే నెలలో ప్రకటించింది, దాని 1.0 వెర్షన్ 2014 డిసెంబరులో వచ్చింది. కుర్రాడు మొదలుపెట్టింది ఎక్లిప్స్‌తోనే. అక్కడ మా ఇద్దరికీ ఎదురైన మొదటి చిక్కు 'ఆర్' అనే ఫైలు.

యాప్‌లో వాడే బొమ్మలు, మాటలు, తెర నమూనాలు అన్నీ 'రెస్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. వాటన్నిటికీ ఒక్కో నంబరు ఇచ్చి 'ఆర్' అనే జాబితాను పనిముట్లే తయారు చేస్తాయి. ఆ ఫోల్డర్‌లో ఏ ఒక్క ఫైలులో తప్పున్నా జాబితా మొత్తం పుట్టదు. అది పుట్టకపోతే, దాన్ని వాడుకునే ప్రతి వరుసా ఎర్రబడుతుంది. కుర్రాడికి కనపడింది ఆ ఎర్ర వరుసలే. తను రాసిన కోడంతా తప్పేమోనని ఒక్కొక్కటీ చెరిపి మళ్లీ రాశాడు. ఎక్లిప్స్ ఇచ్చిన సలహాను నొక్కితే, తన యాప్ 'ఆర్' బదులు ఆండ్రాయిడ్ సొంత 'ఆర్' వచ్చి పైన కూర్చుంది. చిక్కు రెండింతలైంది. ఎక్లిప్స్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాడు. చివరికి నన్నే ఫార్మాట్ చేద్దామనుకున్నాడు.

రాత్రి పాళీకి బయల్దేరుతూ వాళ్ల నాన్న గుమ్మం దగ్గర ఆగాడు.

"ఏమైంది బిడ్డా, మల్ల ఖరాబైందా?"

"ఎర్రగ చూపెడుతున్నది బాపూ. ఏదో తప్పంటున్నది. ఫార్మాట్ కొడుత."

"సాంచ ఆగితే ఏ పోగు తెగిందో ఎతుకుతం గని సాంచనే మారుస్తమా? అది ఏమంటున్నదో సదువరాదు."

ఇంగ్లీషు అక్షరం రాని మనిషి అన్న మాట అది. నా గురించి ఇంతకంటే సరైన మాట మరెవరూ అనలేదు. కుర్రాడు కింది కిటికీలో నేను రాసిన వరుసల్ని పైదాకా జరిపి, అన్నిటికన్నా మొదట వచ్చిన దాన్ని చదివాడు. కారణం అందులోనే ఉంది. సాంచా ఫోటోకి పెట్టిన పేరులో ఒక పెద్ద అక్షరం, ఒక అడ్డగీత ఉన్నాయి. అక్కడ బొమ్మల పేర్లలో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, కిందిగీత మాత్రమే చెల్లుతాయి. పేరు మార్చి, ఆ పరాయి 'ఆర్' వరుస చెరిపి, 'క్లీన్' నొక్కాడు. ఎరుపంతా ఒక్కసారిగా పోయింది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను ఎప్పటినుంచో అదే చెబుతున్నాను.

తర్వాత వచ్చినవన్నీ ఇలాంటివే. మాటల ఫైలులో ఇంగ్లీషు పదం మధ్య పైకామా ముందు వెనకకు వాలిన గీత పెట్టకపోతే ఒప్పుకోదు. అన్నిటికన్నా వాణ్ని ఏడిపించింది మీటర్ల గడి. నలభై ఎనిమిది మీటర్లు అని వేయగానే యాప్ మూతపడేది. లాగ్‌లో నేను రాసింది: 0ఎక్స్30 నంబరుగల మాట దొరకలేదు అని. ఆ 0ఎక్స్30 అంటే పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో నలభై ఎనిమిదే. తెర మీద మాట పెట్టే ఆజ్ఞకు ఉత్త అంకె ఇస్తే, అది దాన్ని మీటర్లుగా చూడదు, 'ఆర్' జాబితాలోని నంబరనుకుని వెతుక్కుంటుంది. అంకెను అక్షరాల రూపంలోకి మార్చి ఇస్తే సరిపోతుంది. ఆ 0ఎక్స్30, తను వేసిన నలభై ఎనిమిది ఒకటేనని వాడికి తట్టిన క్షణం తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. బయటి సాయం ఏమీ లేకుండా, నా అక్షరాలు చదివి తనే కనుక్కున్నాడు.

ఇంకోటి నాన్న ఫోన్‌లో బయటపడింది. వాడు మాటలన్నీ తెలుగు కోసం కేటాయించిన 'వాల్యూస్-టీఈ' ఫోల్డర్‌లోనే పెట్టాడు. నాన్న ఫోన్ భాష ఇంగ్లీషులో ఉండటంతో యాప్ తెరవగానే పడిపోయింది. ఏ భాషా సరిపోనప్పుడు చూసే మామూలు 'వాల్యూస్' ఫోల్డర్‌లో కూడా ఆ మాటలుండాలి. వాడు అక్కడ కూడా తెలుగే పెట్టేశాడు. అప్పటినుంచి ఫోన్ ఏ భాషలో ఉన్నా మీటర్లు తెలుగులోనే కనపడ్డాయి. నాకు ఆ నిర్ణయం నచ్చింది.

ఎమ్యులేటర్ విషయంలో మాత్రం నేను చాలా పడ్డాను. నాలోపల ఒక నకిలీ ఫోన్‌ని నడిపించేది అది. ఆర్మ్ రకం ఫోన్‌ని నా ప్రాసెసర్ మీద నడపాలంటే ప్రతి ఆజ్ఞనూ తర్జుమా చేసుకుంటూ పోవాలి, అందుకే తెర రావడానికి చాలాసేపు పట్టేది. కుర్రాడు ఎక్స్86 రకం ఎంచుకుని, దాన్ని వేగంగా నడిపించే ఇంటెల్ వాళ్ల హాక్సమ్ ఎక్కించాడు. అదీ ఒప్పుకోలేదు. నా ప్రాసెసర్‌కి వర్చువలైజేషన్ శక్తి ఉంది, బయోస్‌లో ఆ మీట ఆపేసి ఉంది. దుకాణంలో ఎవరూ తిప్పలేదు. తిప్పాక వేరే మొండి మాట వచ్చింది: నకిలీ ఫోన్ ఫైలు దొరకడం లేదని. కుర్రాడు విండోస్‌లో తన పేరును ముచ్చటపడి తెలుగు అక్షరాల్లో పెట్టుకున్నాడు. ఆ పేరుతో ఏర్పడిన ఫోల్డర్ దారిని అప్పటి పనిముట్లు చదవలేకపోయాయి. పేరు మార్చుకోనన్నాడు. దానికి బదులు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి పెట్టి, ఆ ఫైళ్లను డీ డ్రైవ్‌లో మామూలు ఇంగ్లీషు పేరున్న ఫోల్డర్‌కి మళ్లించాడు. అన్నీ నడిచాయి, వాడి పేరు తెలుగులోనే మిగిలింది.

స్టూడియోకి మారాక యాప్‌ని బిల్డ్ చేసే గ్రేడిల్ వచ్చింది. అది నడవడానికి జావాకి ఒకేచోట పెద్ద జాగా కావాలి, 32 బిట్ జావా అంత జాగా ఇవ్వలేక చేతులెత్తేసేది. ముందు గ్రేడిల్ సెట్టింగుల ఫైలులో ఆ అడిగే పరిమాణాన్ని తగ్గించి నెట్టుకొచ్చాడు. తర్వాత 64 బిట్ విండోస్, 64 బిట్ జావా ఎక్కించాడు. దుకాణదారు మూసేసిన నా ర్యామ్ అప్పుడు తెరుచుకుంది.

ఆ ఇంట్లో నన్ను విప్పి శుభ్రం చేసేవాళ్లు కూడా. సాంచాల వీధిలో దారపు నూగు గాల్లోనే ఉంటుంది. ఫ్యాను వెనక అల్యూమినియం రేకుల మధ్య మందంగా పేరుకుంటుంది. వేడి బయటికి పోక ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. వాళ్ల నాన్న మెత్తటి బ్రష్‌తో ఆ నూగును తీసేవాడు. ఆయన తోటి పనివాళ్ల ఫోన్లలోకి కూడా ఆ యాప్ వెళ్లింది. శేఠ్ ముందు నిలబడి ఫోన్ చూపించి, రావాల్సిన కూలి అడిగి తెచ్చుకున్నవాళ్ల సంగతులు ఆ గదిలోనే విన్నాను.

కుర్రాడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చాక 2016లో నన్ను అమ్మేశారు. అమ్మే ముందు వాడు ఒక పని చేశాడు. యాప్ మీద సంతకం చేసే తాళంచెవి, అదే కీస్టోర్ ఫైలును, పెన్ డ్రైవ్‌లోకి, మెయిల్‌లోకి ఎక్కించి, దాని పాస్‌వర్డ్‌ను నాన్న మీటర్లు రాసే నోటుబుక్కు చివరి పేజీలో రాశాడు. ఆ పని విలువ నాకు తర్వాత తెలిసింది.

నన్ను కొన్నది వరాఛా వైపు మేడ మీద నడిచే ఒక చిన్న యాప్ ఆఫీసు. వజ్రాల పాలిష్ గదుల మధ్య అలాంటివి ఆ ప్రాంతంలో చాలా వెలిశాయి. అక్కడ నాకు ర్యామ్ పెంచారు. అంతకు మించి ఎవరూ ఏమీ చేయలేదు. నా వెనక నూగు తీసే చేయి లేదు.

రింగ్ రోడ్ మార్కెట్‌లోని చీరల వ్యాపారులకు కేటలాగ్ యాప్‌లు చేసేవాళ్లు. చీర ఫోటోలన్నీ సాంద్రత పేరు లేని 'డ్రాయబుల్' ఫోల్డర్‌లో కుమ్మరించేవాళ్లు. ఆ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని ఆండ్రాయిడ్ అంగుళానికి 160 చుక్కల తెర కోసం చేసిన బొమ్మగా లెక్కేస్తుంది. దానికి మూడు రెట్లు సాంద్రత ఉన్న ఫోన్‌లో అడ్డంగా మూడు, నిలువుగా మూడు రెట్లు సాగదీస్తుంది. వెయ్యి చుక్కల వెడల్పు, పదిహేను వందల ఎత్తు ఉన్న చీర బొమ్మ, చుక్కకి నాలుగు బైట్ల చొప్పున, సుమారు 6 ఎంబీ. సాగదీస్తే 54 ఎంబీ. పల్లూ, బార్డరూ, జాకెట్ ముక్కా చూపించే సరికి ఫోన్‌లో మెమరీ అయిపోయి యాప్ కూలేది. బొమ్మల్ని సరైన సాంద్రత ఫోల్డర్‌లోనో, సాగదీయొద్దని చెప్పే 'నోడీపీఐ' ఫోల్డర్‌లోనో పెట్టాలి, తెరకు కావలసినంతకే కుదించి చదవాలి. లాగ్‌లో మెమరీ చాలలేదని స్పష్టంగా ఉంది. వాళ్లు నా మెమరీ అనుకుని నన్ను తిట్టారు.

ఒకరి ప్రాజెక్టు ఇంకొకరు కాపీ చేసుకునేటప్పుడు 'లోకల్ ప్రాపర్టీస్' ఫైలు కూడా వచ్చేసేది. అందులో ఉండేది పాత యజమాని కంప్యూటర్‌లో ఎస్‌డీకే, అంటే ఆండ్రాయిడ్ పనిముట్ల మూట, ఉన్న చోటు. నాలో ఆ దారే లేదు. ఆ ఫైలును ఎవరికీ ఇవ్వకూడదు, చెరిపేస్తే స్టూడియో తనే కొత్తది రాసుకుంటుంది. సీ డ్రైవ్ నిండిపోతే నకిలీ ఫోన్లను, గ్రేడిల్ కాష్‌ను చూడాల్సింది. అవే జీబీలకు జీబీలు మింగేవి. వాళ్లు వాటిని వదిలేసి నా మీద విసుక్కునేవాళ్లు.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొడుతోందని ప్రపంచమంతా వార్త వచ్చింది. 'జ్ఞా'లాంటి గుణింతం మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేరితే యాప్‌లు కూలిపోయేవి. ఆఫీసులో అందరూ తెలుగు లిపినే తప్పుపట్టారు. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీసే సాఫ్ట్‌వేర్‌ది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ఆ రోజుల్లో ఆ అక్షరం పక్షాన నిలబడాలనిపించింది.

2021లో జేసెంటర్ అనే లైబ్రరీల గిడ్డంగి కొత్తవి తీసుకోవడం ఆపేసింది. పాతవి దించుకోవడానికి మాత్రమే ఉంచారు. కొత్త వెర్షన్లు అక్కడ దొరక్క బిల్డ్‌లు ఆగేవి. బిల్డ్ ఫైలులో మావెన్ సెంట్రల్ పేరు చేర్చాలి, ఒక్క వరుస. ఆ వరుస రాయకుండా నన్ను తీసేద్దామని నిర్ణయించారు. అప్పటికే నూగు పట్టిన నా ఎస్ఎంపీఎస్, అదే కరెంటు అందించే పెట్టె, వేడికి కాలిపోయింది. దాన్ని మార్చలేదు. మెట్ల కింద, తడి చీపుర్ల పక్కన పడేశారు. వానాకాలంలో నీళ్లు అక్కడిదాకా వచ్చేవి. నా పక్క పలకను విప్పి, దాని మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు. ఒక రోజు పాత సామాన్లు కొనే భంగార్‌వాలా వచ్చి తూకం వేసి తీసుకుపోయాడు. నాలో ఏముందని ఒక్కరూ అడగలేదు.

తర్వాత ఆఫీసువాళ్లు నన్ను వెతుక్కుంటూ భంగార్ కొట్టుకి వచ్చారు. చీరల యాప్‌కి కొత్త వెర్షన్ వేయబోతే ప్లే స్టోర్ ఒప్పుకోలేదట, పాత సంతకం కావాలట. 2017 నుంచి గూగుల్ సంతకం తాళాన్ని తన దగ్గర దాచిపెట్టే ఏర్పాటు ఇచ్చింది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకి అది తప్పనిసరి కూడా. వీళ్లది అంతకుముందుది, వీళ్లు ఆ ఏర్పాటులో చేరలేదు. కాపీ ఎక్కడా లేదు. నా మీద పేరు చీటీ కూడా అంటించలేదు కాబట్టి, గుట్టగా పడున్న డబ్బాల్లో నేను ఎవరినో వాళ్లకి తెలియలేదు. ముందున్న రెండు మూడింటిని విప్పి చూసి వెళ్లిపోయారు. ఆ యాప్‌ని కొత్త ప్యాకేజీ పేరుతో మొదటినుంచి వేసుకోవాలి. పాతదాన్ని పెట్టుకున్న వ్యాపారుల ఫోన్లలోకి ఇక ఏ సవరణా చేరదు.

కీస్టోర్ నాలోనే ఉంది. డీ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్, అందులో మరో కొత్త ఫోల్డర్. హార్డ్ డిస్క్‌కి ఏమీ కాలేదు. పోయింది ఎస్ఎంపీఎస్ ఒక్కటే. అది మార్చి కరెంటు ఇచ్చినవాళ్లకి ఆ ఫైలు తెరిచి ఇస్తాను.